నాలుగు కింద ఒకటి

పామర్‌స్టన్ నార్త్,
న్యూజిలాండ్,
ఫిబ్రవరి 9.

పూజ్యులైన మావయ్య గారికి,

మేనల్లుడు రవికిరణ్ నమస్కరించి రాస్తున్నది. ఇక్కడ నేనూ, నిరుపమా బాగున్నాం. అక్కడ మీ మోకాళ్ళూ, మంగతాయారు అత్తయ్యా, మీ అమ్మాయి హేమశ్రీ వాళ్ళూ బాగున్నారని తలుస్తాను.

ఫోన్ ఉండగా ఈ కాగితం ఏమిటా అని మీరు కళ్ళజోడు సవరించుకుంటూ ఉంటారు. మీ ఫోన్ ఎప్పుడూ స్పీకర్ మీదే ఉంటుంది మావయ్యా. మీతో ఒక్క మాట చెబితే ఫ్లాట్ బుష్‌లో సగం మందికి చెప్పినట్టే. ఇది రహస్యం కాబట్టి ఉత్తరం. జవాబు మా ఇంటికి కాకుండా నేను పనిచేసే గ్యారేజీ అడ్రసుకు రాయండి.

సంగతేమిటంటే, నేనొక కారు తీసుకోబోతున్నాను. మా వీధి చివర ఉండే నెవిల్ గారిది. ఇటలీ కారు, ఆల్ఫా రోమియో, అరవై ఏళ్ళ కిందటిది. అందులోనూ మామూలుది కాదు, రేసుల కోసం ప్రత్యేకంగా చేసిన జీటీఏ. ఒళ్ళంతా అల్యూమినియం. కిటికీలకు ప్లాస్టిక్. వెనక సీట్లు లేవు, కార్పెట్లు లేవు, రేడియో లేదు. ఒక్కో సిలిండరుకు రెండేసి ప్లగ్గులు. ఇలాంటివి ప్రపంచం మొత్తం మీద కొన్ని వందలే చేశారు. ఎంత అందంగా ఉంటుందంటే, ఎదురుగా కూర్చుని టీ తాగాలనిపిస్తుంది. తాగుతున్నాను కూడా, ఆరేళ్ళుగా ప్రతి శనివారం.

నిరుపమకు మాత్రం ఇప్పుడే తెలియకూడదు. పెరట్లో ఇప్పటికే కదలని కార్లు రెండున్నాయి. మూడోది వస్తే తను హాస్పిటల్లోనే మంచం వేసుకుంటానంది. నర్సు కదా, ఆవిడకు మంచాలకు కొదవ లేదు.

మీరు బ్రేకు ఇన్‌స్పెక్టరుగా చేసినవారు. మీ ఆశీర్వాదం, ఒక మంచి ముహూర్తం పంపండి.

మీ
రవికిరణ్

తా.క.: అయస్కాంతం పెట్టి చూశాను మావయ్యా. తలుపుకు అంటుకోలేదు, బానెట్‌కు అంటుకోలేదు, జారి కింద పడింది! ఆనందంతో నాకు కళ్ళనీళ్ళు వచ్చాయి.


ఫ్లాట్ బుష్,
ఫిబ్రవరి 14.

చిరంజీవి రవికిరణ్‌ను మావయ్య ఆశీర్వదించి, ఆపైన నాలుగు చీవాట్లు పెట్టి రాస్తున్నది.

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. రెండుసార్లు కూర్చుని, ఒకసారి ఆగలేక లేచి నిలబడి.

ఒరే, ముప్పై ఒక్క సంవత్సరాలు బ్రేకు ఇన్‌స్పెక్టరుగా చేశాను. తణుకులో, పాలకొల్లులో, అమలాపురంలో నేను ఆపని లారీ లేదు. ఒక బండిలో ఇన్ని లోపాలు ఉండడం నేను చూడలేదు. ఉన్నా, వాటిని అమ్మేవాడు దాచుకుంటాడు గాని కొనేవాడు ఇలా మురిసిపోతూ జాబితా రాయడు.

అల్యూమినియం ఒళ్ళా? మా అమ్మ పాలు కాచిన గిన్నె అదే లోహం. ఒక్కసారి జారిపడితే ఆ సొట్ట నలభై ఏళ్ళు అలాగే ఉంది. కిటికీకి అద్దం పెట్టడానికి స్తోమత లేక ప్లాస్టిక్ బిగించారు. ప్లగ్గులు రెండేసి ఎందుకు పెడతార్రా? ఒకటి పనిచెయ్యదని తెలిసినవాడే రెండోది పెడతాడు. సీట్లు లేవు, తివాచీ లేదు, రేడియో లేదు. ఇన్ని ఊడదీసిన బండ్లు మా ఆఫీసు వెనకాల వరసగా పడి ఉండేవి. దొంగలు తీసుకున్నంత తీసుకుని వదిలేసి పోయిన బండ్లు అవి.

ఆ నెవిల్ ఎవడో నిన్ను నిలువునా ముంచుతున్నాడు. ముహూర్తం అడిగావు. ఆ బండి కొనడానికి ఈ సంవత్సరం ముహూర్తాలు లేవు. పంచాంగం నేను చూడలేదు, అయినా లేవు.

ఎందుకైనా మంచిదని వేరే పార్శిల్లో సీటు కవర్లు పంపుతున్నాను. మెరూన్ రంగు మఖమల్, అంచుకు బంగారు జరీ. సోఫాకని చెప్పి మీ అత్తయ్య చేత మిషను మీద కుట్టించాను. పెట్టె కట్టేటప్పుడు కూడా దానికి అనుమానం రాలేదు.

ఇట్లు,
వీరరాఘవయ్య,
మోటారు వాహనాల ఇన్‌స్పెక్టరు (రిటైర్డ్)

తా.క.: అయస్కాంతం అంటుకోలేదని ఏడుపెందుకు? మీ అత్తయ్య ఇడ్లీ పాత్రకూ అంటుకోదు. అది ఏ రేసులో గెలిచింది?

ఇంకో తా.క.: రహస్యం గురించి నీకు బెంగ వద్దు. నా కవర్లు నేనే అన్నం మెతుకులతో అంటిస్తాను. మోకాళ్ళ మూలంగా నేను నడవలేను కాబట్టి పాలకు డెయిరీకి వెళ్ళేటప్పుడు మీ అత్తయ్య పోస్టు డబ్బాలో వేస్తుంది. ఒకరి ఉత్తరం విప్పి చూసే మనిషి కాదు.


పామర్‌స్టన్ నార్త్,
ఫిబ్రవరి 19.

మావయ్య గారికి,

నమస్కారాలు. పార్శిల్ అందింది. గ్యారేజీలో అందరి ముందూ విప్పాను, నాదే తప్పు.

మావయ్యా, ఆ కారులో లేనివన్నీ పోయినవి కావు. కావాలని తీసేసినవి. బరువు తగ్గితే వేగం పెరుగుతుంది. జీటీఏలో ఆ చివరి 'ఏ' అంటేనే ఇటలీ భాషలో తేలిక చేసినది అని. రెండు ప్లగ్గులు పెట్టింది పెట్రోలు బాగా మండడానికి. పెళ్ళికి వెళ్ళేవాడికీ, పరుగు పందానికి వెళ్ళేవాడికీ బట్టల్లో తేడా ఉండదా?

నెవిల్ నన్ను ముంచే మనిషి కాదు. నేను చదువుకోవడానికి ఈ ఊరొచ్చిన మొదటి చలికాలం ఆయన పెరటి గదిలోనే అద్దెకున్నాను. దుప్పటి చాలక వణుకుతుంటే తన కోటు తెచ్చి కప్పాడు. స్పానర్ ఎలా పట్టుకోవాలో నేర్పింది ఆయనే. ఈ రోజు నేను మెకానిక్‌గా అన్నం తింటున్నానంటే ఆయన చలవే. ఇప్పుడు ఆయనకు ఎనభై నాలుగు. చేతులు వణుకుతున్నాయి, లైసెన్సు తీసేశారు. వచ్చే నెలాఖరుకు ఇన్‌వర్‌కార్గిల్‌లో కూతురి దగ్గరికి వెళ్ళిపోతున్నాడు. అక్కడ కారు పెట్టుకోవడానికి షెడ్డు లేదు.

కారు నాకు ఊరికే ఇచ్చేస్తానన్నాడు. ఒక్కటే షరతు. మార్చి 15న ఇక్కడికి దగ్గర్లో ఫీల్డింగ్ అనే ఊళ్ళోని రేసు ట్రాక్‌లో పాత కార్ల క్లబ్బు వేడుక ఉంది. అసలైన రేసు కార్ల వరసలో ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకుని నేను ఒక్క చుట్టు తిప్పాలి. అంతే.

చిక్కంతా ఆ 'అసలైన' దగ్గరే ఉంది. ఈ రేసు కార్ల చాసిస్ నంబర్లు 613తో మొదలవ్వాలి. దీని మీద 643 అని ఉంది. అందుకని క్లబ్బువాళ్ళు దీన్ని నకళ్ళ వరసలో పెడతామంటున్నారు. అల్యూమినియం రేకు ఎవరైనా చేయించుకోవచ్చట. నకలుగా అయితే షెడ్డులోంచి బయటికే తియ్యనని నెవిల్ పంతం పట్టాడు. పదిహేనో తారీకు దాటిందంటే కారు ఎవరో విదేశీ ఆసామికి వెళ్ళిపోతుంది. ఆయన దాన్ని గాజు గదిలో పెట్టి తాళం వేస్తాడట.

నంబరు సంగతేమిటని నెవిల్‌ను అడిగాను. ముఖం ఎర్రగా చేసుకుని, నిమ్మచెట్టుకు నీళ్ళు పెట్టాలని వెళ్ళిపోయాడు. అప్పుడు వాన పడుతోంది మావయ్యా.

మీ
రవికిరణ్

తా.క.: మీ మెరూన్ కవరు నెవిల్ చాలాసేపు నిమురుతూ ఉండిపోయాడు. చనిపోయిన ఆయన భార్య బెరిల్ కూడా ఈ కారుకు ఒకప్పుడు సీటు కవర్లు కుట్టిందట. రేసు కారుకు సీటు కవర్లేమిటో అడుగుదామనుకున్నాను గాని, మళ్ళీ నిమ్మచెట్టు దగ్గరికి వెళ్ళిపోయాడు.


ఫ్లాట్ బుష్,
ఫిబ్రవరి 24.

చి. రవికిరణ్‌కు,

ఇది మావయ్యగా కాదు, ఇన్‌స్పెక్టరుగా రాస్తున్నాను. నిటారుగా కూర్చుని చదువు.

అది దొంగ బండి.

అంత గొప్ప బండిని ఊరికే ఇస్తానంటాడా? నంబరు తేడాగా ఉందా? అడిగితే వానలో చెట్టుకు నీళ్ళు పెడతాడా? గుమ్మడికాయ దొంగంటే భుజాలు తడుముకోవడం అంటే ఇదే. ఇటలీలో భుజాలుంటాయో, న్యూజిలాండ్‌లో ఉంటాయో నాకు తెలియదు గాని, తడుముకోవడం మాత్రం ఎక్కడైనా ఒకటే.

వెంటనే చాసిస్ నంబరు పెన్సిల్ ముద్ర తీసి పంపు. ఫోటో చెల్లదు. ఫోటోకు పైపూత కనపడుతుంది, కాగితానికి లోతు తెలుస్తుంది. పల్చటి కాగితం నంబరు మీద బిగించి పెట్టి, మెత్తటి పెన్సిల్ పక్కకు వాల్చి, ఒకే వైపు రుద్దాలి. పసిపిల్ల బుగ్గ నిమిరినట్టు రుద్దు. అమలాపురంలో ఇలాగే తీయించి పదకొండు లారీలు పట్టుకున్నాను. పన్నెండోది మా తోడల్లుడిది, అదీ పట్టుకున్నాను.

ఈలోగా నువ్వు బండెక్కి పారిపోకుండా ఒక జాగ్రత్త తీసుకున్నాను. హేమశ్రీ ఆఫీసుకు వెళ్ళాక దాని కంప్యూటర్‌లో ఒక్కొక్క అక్షరం వెతుక్కుంటూ, రెండు గంటలు కష్టపడి ఆ క్లబ్బుకు ఈమెయిల్ కొట్టాను. 'సదరు వాహనం దర్యాప్తులో ఉన్నది. దానిని ఎవ్వరూ కదిలించరాదు' అని.

ఇట్లు,
వీరరాఘవయ్య,
ఇన్‌స్పెక్టరు (రిటైర్డ్, అయితేనేం)

తా.క.: మొత్తం పెద్ద అక్షరాలే పడ్డాయి. చిన్నవి ఎక్కడున్నాయో కనపడలేదు. దానివల్ల కొంచెం గంభీరంగానే వచ్చింది.


పామర్‌స్టన్ నార్త్,
మార్చి 2.

మావయ్య గారికి,

నమస్కారాలు. కోపం వచ్చినా నమస్కారం మానకూడదని మా అమ్మ, అంటే మీ అక్కయ్య, నేర్పింది కాబట్టి పెడుతున్నాను.

క్లబ్బు సెక్రటరీ గ్యారేజీకే వచ్చాడు. ఇండియా ప్రభుత్వం ఈ కారును ఎందుకు దర్యాప్తు చేస్తోందని అడిగాడు. ఏం చెప్పను? మా మేనమామ అన్నాను. ఆ శాఖలో ఆయన హోదా ఏమిటి అన్నాడు. ఇప్పుడు నెవిల్ కారు అసలు వరసలో లేదు, నకళ్ళ వరసలోనూ లేదు. జాబితాలోంచే కొట్టేశారు.

నెవిల్‌కు చెప్పాల్సి వచ్చింది. ఆయన షెడ్డు తలుపు వేసి, 'నేను చేసిన పనికి ఇది తగిందే రవీ' అన్నాడు. ఏం పనో చెప్పలేదు. ఆరేళ్ళ శనివారాలు మావయ్యా! నాకు కారు పోతోందని కాదు, ఆయన ఆ తలుపు వేసిన తీరు చూసి ఏడుపొచ్చింది.

మీరడిగిన ముద్ర ఇందులో పెట్టాను. రెండు తీశాను, రెండూ మీకే. దొంగో దొరో తేల్చుకోండి. పదమూడు రోజులే ఉంది. ఇంకెవరికీ ఈమెయిళ్ళు మాత్రం కొట్టకండి, మీ కాళ్ళకు దండం పెడతాను.

మీ
రవికిరణ్

తా.క.: గ్యారేజీలో మెత్తటి పెన్సిల్ దొరకలేదు. నిరుపమ కనుబొమలు దిద్దుకునే పెన్సిల్‌తో తీశాను. సగం అరిగిపోయింది. ఎలుక కొరికిందని చెబుదామనుకుంటున్నాను.


ఫ్లాట్ బుష్,
మార్చి 7.

చి. రవికిరణ్‌కు,

దొరికాడు!

కాగితం కిటికీ దగ్గర పెట్టి, భూతద్దంతో చూశాను. రెండో అంకె నాలుగు కాదురా. ఒకటి! ఆ నిలువు గీత లోతుగా, తిన్నగా ఉంది. అది ఫ్యాక్టరీ సుత్తి దెబ్బ. పక్కనున్న కొమ్ములు పైపైన, వంకరగా ఉన్నాయి. అవి తరవాత ఎవడో ఇంట్లో కూర్చుని కొట్టినవి. ఒకటిని నాలుగు చెయ్యడం దొంగల చదువులో మొదటి పాఠం. ఆ నాలుగు కింద ఒకటి పడుకుని ఉంది. అసలు నంబరు 613.

నువ్వేదో 613 అన్నావు, 643 అన్నావు. ఏ వరసైనా నాకు అనవసరం. నంబరు మార్చడం నేరం. ఆ మాటే క్లబ్బువాళ్ళకు రెండు పేజీలు రాశాను. ఈసారి ఈమెయిల్ కాదు, నీ ఆజ్ఞ మీరలేదు. కాగితం మీద, ఒక ముద్ర జత చేసి. ముద్ర లోతు కంప్యూటర్‌లో వెళ్ళదు కదా. 'ఇందలి దొంగను పట్టుకొనవలెను, మా మేనల్లుడు అమాయకుడు' అని ముగించాను. మీ అత్తయ్య ఇప్పుడే పాలకు బయల్దేరుతోంది. రెండు కవర్లూ దానికే ఇస్తున్నాను.

నువ్వు నా మీద కోప్పడ్డావు. ఫరవాలేదు. రేపు పోలీసు స్టేషన్లో కూర్చోకుండా ఇంట్లో కూర్చున్నప్పుడు నా విలువ తెలుస్తుంది.

ఇట్లు,
వీరరాఘవయ్య

తా.క.: కనుబొమల పెన్సిల్ ముద్రకు చాలా బాగుంటుంది. మా డిపార్టుమెంటుకు ఇన్నేళ్ళూ ఈ సంగతి తెలియలేదు. అది ఏ కంపెనీదో రాయి.


పామర్‌స్టన్ నార్త్,
మార్చి 17.

నా పాలిట దేవుడైన మావయ్య గారికి,

సాష్టాంగ నమస్కారాలు. మీ ఏడో తారీకు ఉత్తరం ఈ రోజే అందింది, అంతా అయిపోయాక. టపా ఇంత నెమ్మదైపోయిందేమిటో! క్లబ్బుకు రాసింది మాత్రం పన్నెండునే కొరియర్లో చేరిందట.

పద్నాలుగో తారీకు పొద్దున సెక్రటరీ, ఇంకో ఇద్దరు పెద్దమనుషులు ముద్ర పట్టుకుని నెవిల్ ఇంటికి వచ్చారు. ఆ నంబరు మీది పెయింటు కొంచెం గీకి, భూతద్దం పెట్టి చూశారు. ఒకరి తరవాత ఒకరు చూశారు. చివరికి సెక్రటరీ టోపీ తీశాడు. నాలుగు కింద ఒకటి! మా జీటీఏ అసలైనదే మావయ్యా!

అప్పుడు నెవిల్ నోరు విప్పాడు. 'ఆ నాలుగు కొట్టింది నేనే. 1974లో. బెరిల్‌కు తెలియకూడదని' అన్నాడు.

రేసు కారు గుమ్మంలోకి వస్తే తను పుట్టింటికి పోతానందట బెరిల్. ఆవిడేమో పోస్టాఫీసులో బండ్ల రిజిస్ట్రేషన్ కాగితాలు చూసేది. 613 చూస్తే ఇట్టే పట్టేస్తుంది. అందుకని ఒకటిని నాలుగు చేసి, కార్పెట్ పరిచి, రేడియో పెట్టి, మామూలు కారేనని చెప్పాడు. ఆవిడ నమ్మి, పాపం, సీటు కవర్లు కూడా కుట్టింది. ఆవిడ పోయాక కార్పెట్లూ రేడియో తీసేశాడు గాని, ఆ అబద్ధం ఒప్పుకోవడానికి మాత్రం ఇన్నేళ్ళూ నోరు రాలేదట. అందరూ నకలు అంటుంటే పళ్ళు బిగించి ఊరుకున్నాడు.

పదిహేనున నెవిల్ పెరట్లోని నిమ్మకాయలే నాలుగు చక్రాల కింద పెట్టి తొక్కించాను. ఆయిల్ కారుతోందేమోనని ఎవరో పరుగెత్తుకొచ్చారు. అసలైన కార్ల వరసలో మొదట మాదే. గేరు మార్చే ప్రతిసారీ ఆయన వణికే చెయ్యి నా చేతి మీద వేశాడు. చివరి మలుపులో 'ఇంకొంచెం తొక్కు రవీ' అన్నాడు. తొక్కాను. దిగేసరికి ఇద్దరం ముఖాలు తుడుచుకుంటున్నాం. నిరుపమకు ఆ రోజు డ్యూటీ ఉందట, అదొక అదృష్టం.

ఒక్కటే అర్థం కావడం లేదు. నాకు రాసిన దాంట్లో మీరు దొంగ, దొంగ అన్నారు. క్లబ్బుకు రాసింది మాత్రం మూడే వాక్యాలు. తప్పు వెతికినా దొరకని ఇంగ్లీషు. 'ముప్పై ఒక్క సంవత్సరాల అనుభవమున్న ఇన్‌స్పెక్టరు ఈ వాహనం అసలు నంబరు 613 అని నిర్ధారించారు. జత చేసిన ముద్ర చూడగోరుతాం. మునుపటి ఈమెయిల్‌కు క్షమించాలి.' మీరు క్షమించమన్నారా మావయ్యా? సెక్రటరీ దాన్ని ఫ్రేము కట్టిస్తున్నాడు.

మీ
రవికిరణ్

తా.క.: కారు ఇప్పుడు గ్యారేజీలో దాచాను. నిరుపమకు ఎలా చెప్పాలో ఒక ఉపాయం రాయండి. నెవిల్‌ను అడిగితే, సుత్తి ఇస్తానన్నాడు.


ఫ్లాట్ బుష్,
మార్చి 21.

చి. రవికిరణ్‌ను మావయ్య మనసారా ఆశీర్వదించి రాస్తున్నది.

నేను మొదటినుంచీ అంటూనే ఉన్నాను, ఆ బండిలో ఏదో ఉందని. తేలిక చెయ్యడంలోని గొప్పతనం నీకు అర్థమయ్యేలా చెప్పాలనే కాస్త కటువుగా రాశాను.

నా ఇంగ్లీషు ఎప్పుడూ అంతే, క్లుప్తంగా ఉంటుంది. రెండు పేజీలు రాసినట్టు నాకు గుర్తు. పెద్దతనం, మరుపు. క్షమాపణ ముక్క కూడా గుర్తు లేదు గాని, గొప్పవాళ్ళు అడుగుతూనే ఉంటారు.

నిరుపమ విషయంలో నా సలహా ఏమిటంటే, చెప్పకు. మగాడు గుట్టుగా నడుపుకుంటే ఏదైనా నడుస్తుంది. మన ఉత్తరాలే చూడు, ఒక్క పిట్టకు తెలిసిందా? వచ్చే క్లబ్బు వేడుకకు నేనొస్తున్నాను. నీ పక్క సీటు నాది.

ఇట్లు,
వీరరాఘవయ్య,
మోటారు వాహనాల ఇన్‌స్పెక్టరు (రిటైర్డ్)

తా.క.: నాయనా రవీ, ఇది నేను, మీ అత్తయ్యను. మీ మావయ్య కవరు అంటించి ఇచ్చారు. అన్నం మెతుకులు కదా, కాస్త ఆవిరి చూపిస్తే ఊడొస్తాయి. ఫిబ్రవరి నుంచీ ఊడొస్తూనే ఉన్నాయి. నీ ఉత్తరాలు కూడా డబ్బాలోంచి తీసేది నేనే.

సోఫాకు అంత సన్నటి కవర్లు ఎవరు కుట్టిస్తారు? నేను ముప్పై ఏళ్ళు ఇంగ్లీషు పాఠాలు చెప్పిన దాన్ని. మీ మావయ్య క్లబ్బుకు రాసిన రెండు పేజీలు ఎర్ర పెన్ను పట్టుకుని దిద్దాను. నాలుగు కింద ఒకటి ఉందన్న మాట ఒక్కటే ఒప్పు. మిగతాదంతా కొట్టేసి, మూడు వాక్యాలు నేను రాసి, ముద్ర జత చేసి కొరియర్లో పంపాను. నీ కవరు నాలుగు రోజులు ఆపింది నేనే. నువ్వు కంగారులో ఏదైనా చేస్తావని భయమేసింది. నంబరు గురించి ఆయన రాసింది మాత్రం అబద్ధం కాదు నాయనా, లోతు కనిపెట్టే కళ్ళు ఆయనకే ఉన్నాయి. ఆ మాట ఆయనతో అనకు.

నిరుపమకు మొదటి ఉత్తరం నాడే చెప్పాను. కనుబొమల పెన్సిల్‌ను ఎలుక కొరికిందన్నావట, ఇద్దరం ఫోన్‌లో అరగంట నవ్వుకున్నాం. పదిహేనో తారీకున దానికి డ్యూటీ లేదు. టికెట్ కొనుక్కుని కంచె పక్కన నిలబడి చూసింది. నువ్వు ముఖం తుడుచుకోవడం వీడియో తీసి పంపింది. అది చూసి నేనూ ఏడ్చాను. దానికి నీ మీద కోపం లేదు, ఆ పెన్సిల్ ఖరీదుకు మాత్రం ఉంది.

నెవిల్ గారు ప్రయాణమయ్యే లోపల ఈ మాట చెప్పు. రోజూ ఆ కాగితాల మీదే పనిచేసిన మనిషి వంకర నాలుగును పోల్చుకోలేదంటే నేను నమ్మను. బెరిల్ గారికి తెలుసు. తెలిసే కవర్లు కుట్టింది. ఎలా తెలుసంటావా? నేనూ తెలిసే కుట్టాను కదా.

తాడి తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడు ఉంటాడంటారు. వచ్చే వేడుకకు నేనూ, నిరుపమా ఆ కారులో చుట్టు తిరుగుతాం. నడిపేది నిరుపమ, గేరు మార్చేటప్పుడు చెయ్యి వేసేది నేను. మేమూ వెనకాల కూర్చుంటామని నువ్వూ, మీ మావయ్యా బతిమాలకండి. అక్కడ సీట్లు లేవన్న సంగతి ఆయన ఫిబ్రవరి పద్నాలుగునే కనిపెట్టారు.

ఇట్లు,
మీ అత్తయ్య,
మంగతాయారు,
ఇంగ్లీషు టీచరు (రిటైర్డ్)